కుళాయి వెనుక కాపలా

కుళాయి తిప్పితే నీరు వస్తుంది. ఇది చూచి చూచి మనకు అలవాటైపోయినది కనుక, అందులో విశేషమేమీ కనిపించదు. రెండు రోజులు నీరు రాకపోతే మాత్రం ఇల్లంతా తారుమారవుతుంది. బిందెలు వీధిన పడతాయి. ఇన్నాళ్ళూ ఆ నీటిని మన గుమ్మం వరకు నడిపించినవారు ఎవరు అనే ప్రశ్న అప్పుడు గాని మనకు తోచదు.

పట్టణాలలో ఇండ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక వీధిలో పైపు వేస్తే వంద ఇండ్లకు నీరు అందుతుంది. పల్లెలలో ఆ వీలు తక్కువ. ఒక ఇంటికీ మరొక ఇంటికీ నడుమ కిలోమీటర్ల దూరం ఉండే చోట అయితే ఇక చెప్పనక్కరలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల నడిమి మైదానాలు అటువంటి ప్రదేశాలే. అక్కడి పల్లెలకు నీరు ఎట్లా చేరుతున్నది? చేరిన నీరు ఆగిపోకుండా, చెడిపోకుండా ఎవరు కాపలా కాస్తున్నారు? ఈ పాఠంలో తెలుసుకుందాం.

నది ఉన్నా నీరు లేదు

అమెరికా ఉత్తర భాగాన దక్షిణ డకోటా అనే రాష్ట్రం ఉన్నది. ఉత్తర అమెరికా నదులలో అతి పొడవైన మిస్సోరీ నది ఈ రాష్ట్రం నడుమగా ప్రవహిస్తుంది. నదికి పడమర వైపున కనుచూపు మేర గడ్డి మైదానాలు. అక్కడ పశువులను పెంచే రైతులు, చిన్న చిన్న ఊళ్ళవారు నివసిస్తారు. ఆ దేశపు తొలి నివాసులలో ఒకరైన లకోటా ప్రజలకు ప్రత్యేకించిన పైన్ రిడ్జ్, రోజ్‌బడ్, లోయర్ బ్రూల్ అనే ప్రాంతాలు కూడా అక్కడనే ఉన్నాయి.

ఇంత పెద్ద నది ఉన్నా ఆ ప్రాంతంవారికి చాలా కాలం మంచి నీరు అందలేదు. నది దూరం. నేల కింద దట్టమైన బంకమన్ను రాయి. బావి తవ్వితే నీరు పడకపోవచ్చు, పడినా ఉప్పన. సబ్బు నురగ రాని నీరు, తాగితే కడుపు చెడే నీరు. అందుచేత జనం ట్రక్కుల మీద ట్యాంకులు పెట్టుకొని దూరం నుండి నీరు తెచ్చుకొనేవారు. తెచ్చిన నీటిని ఇంటి పక్కన నేలలో కట్టిన తొట్టిలో పోసుకొని పొదుపుగా వాడుకొనేవారు. పశువులకు వాననీటి కుంటలే దిక్కు. వాన లేని ఏడాది ఆ కుంటలూ ఎండేవి.

1988లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ ఈ ప్రాంతం కోసం ఒక చట్టం చేసినది. ఆ పథకం పేరు ‘మ్నీ విచోనీ’. లకోటా భాషలో ఈ మాటకు ‘నీరే ప్రాణం’ అని అర్థం. మన అమరకోశం నీటికి చెప్పిన పేర్లలో ‘జీవనం’ ఒకటి. ఎక్కడి లకోటా, ఎక్కడి అమరకోశం! దాహం తెలిసిన జనమంతా ఒకే విధంగా ఆలోచించారు.

మొదట పైన్ రిడ్జ్‌లోని ఓగ్లాలా లకోటా ప్రజలకూ, పక్కనున్న రైతుల సంఘాలకూ ఈ పథకం ఉద్దేశించబడినది. 1994లో రోజ్‌బడ్, లోయర్ బ్రూల్ ప్రాంతాలు కూడా చేరాయి. ఫోర్ట్ పియర్ అనే ఊరి వద్ద మిస్సోరీ నుండి నీరు తోడి, శుద్ధి చేసి, భూమిలో వేసిన పైపుల ద్వారా పంపుతారు. అక్కడి నుండి పైన్ రిడ్జ్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరం. ఉజ్జాయింపుగా హైదరాబాదు నుండి విజయవాడకు ఉన్నంత. మన పాత కృష్ణా, గుంటూరు జిల్లాలు రెండూ కలిపినా ఈ పథకం పరిధి అంత ఉండదు. అయినా దానిమీద ఆధారపడే జనం సుమారు 50 వేల మందే. పనులు ముగియడానికి 20 ఏళ్ళకు పైగా పట్టినది.

ఇక్కడ మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. పైపు వేయటం ఒక పని. ఆ పైపులో ప్రతి రోజూ మంచి నీరు ఉండేట్లు చూడటం మరొక పని. మొదటి దానికి ప్రారంభోత్సవం ఉంటుంది. రెండవ దానికి ఉండదు. అది ఎన్నటికీ ముగియదు కూడా.

నీటిని శుభ్రం చేసే విధం

నదినీటిలో మన్ను, నాచు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. బురద నీటిలో పటిక తిప్పటం మన ఇండ్లలో పెద్దలకు తెలిసిన పనే. కొన్ని పల్లెలలో ఇండుప గింజను అరగదీసి కలిపేవారు. పెద్ద శుద్ధి కేంద్రాలలో జరిగేది కూడా అటువంటిదే. పటిక వంటి పదార్థాన్ని కలిపితే సన్నని మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని బరువెక్కి అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీటిని ఇసుక వంటి పొరలలో నుండి వడగడతారు. చివరకు క్రిములు చావటానికి క్లోరిన్ కలుపుతారు.

క్లోరిన్‌తో మరొక ప్రయోజనం ఉన్నది. కేంద్రం నుండి బయలుదేరిన నీరు దూరపు ఇంటికి చేరటానికి కొన్ని రోజులు పట్టవచ్చు. దారిలో ఏ క్రిమి చేరినా దానిని చంపటానికి కొంత క్లోరిన్ నీటిలో మిగిలి ఉండాలి. మరీ తక్కువైతే రక్షణ లేదు; ఎక్కువైతే తాగటానికి పనికిరాదు. అమెరికా నిబంధనల ప్రకారం కుళాయి నీటిలో అది సగటున లీటరుకు 4 మిల్లీగ్రాములు మించరాదు. అందుకే పనివారు పైపు దారి పొడవునా అక్కడక్కడ నీరు పట్టి, రంగు మారే మందు వేసి, క్లోరిన్ ఎంత మిగిలినదో చూస్తూ ఉంటారు.

పైపు నిండుగా ఎందుకు ఉండాలి?

నీటి సరఫరాలో ప్రాణం వంటిది పీడనం, అనగా నీటి ఒత్తిడి. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు తన అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు మోపుతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకును అంత ఎత్తున కట్టటానికి కారణం ఇదే. మిట్ట మీద కట్టిన ట్యాంకు నుండి నీరు తన బరువుతోనే పల్లానికి దిగి, మళ్ళీ మన ఇంటి మేడ పైకి ఎక్కుతుంది. మార్గం మరీ పొడవైతే పైపు గోడల రాపిడి వలన ఒత్తిడి తగ్గిపోతుంది. అటువంటి చోట్ల నడుమ నడుమ మోటారు పంపులు పెట్టి నీటిని ముందుకు తోస్తారు.

ఒత్తిడి ఉండటం కుళాయి ధారకు మాత్రమే కాదు, మన ఆరోగ్యానికీ అవసరం. ఎంత మంచి పైపుకైనా ఎక్కడో ఒకచోట సన్నని చిల్లు ఉండవచ్చు. పైపు నిండుగా, ఒత్తిడితో ఉన్నంత కాలం ఆ చిల్లు నుండి నీరు బయటికే పోతుంది. ఒత్తిడి పడిపోయి పైపు ఖాళీ అయిందా, బయటి మురుగు అదే చిల్లు గుండా లోపలికి వస్తుంది. రోజుకు గంటో రెండు గంటలో నీరు వదిలే చోట, తొలిధార రంగు మారి రావటం మీరు చూచే ఉంటారు. దానికి ఇది ఒక కారణం. ఈ ప్రమాదం రాకుండా అమెరికాలో అనేక రాష్ట్రాలు, పైపులో ఎప్పుడూ కనీసం 14 మీటర్ల ఎత్తు నీటికి సమానమైన ఒత్తిడి ఉండాలని నియమం పెట్టాయి.

పశువుల కొట్టాలలో మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. రైతు కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండవ కొనను పురుగుమందు కలిపే డ్రమ్ములో వదిలాడనుకొందాం. సరిగా అప్పుడే ఎక్కడో పెద్ద పైపు పగిలి ఒత్తిడి పడిపోతే, డ్రమ్ములోని మందు నీరు వెనుకకు పైపులోనికి పీల్చబడుతుంది. పక్క ఇంటివారు ఆ నీరే తాగవలసి వస్తుంది. అందువలన నీరు ఒక వైపుకే పోయేటట్లు చేసే ప్రత్యేక వాల్వులు బిగించుకొమ్మని నీటి సంస్థలు గట్టిగా చెబుతాయి. గొట్టం కొనకూ నీటి మట్టానికీ నడుమ ఖాళీ ఉంచటం అన్నిటికంటె సులభమైన ఉపాయం.

కనిపించని పనులు

నీటి సంస్థలో పనిచేసే ఆపరేటరు దినచర్య చూడండి. ఉదయం రాగానే ట్యాంకులలో నీటి మట్టం ఎంత ఉన్నదో చూస్తాడు. ఇప్పుడు చాలా చోట్ల ట్యాంకులోని పరికరం రేడియో ద్వారా ఆ సంగతి కార్యాలయానికి తెలుపుతుంది. మట్టం తగ్గితే మోటారు తనంతట తానే తిరుగుతుంది. అయినా మనిషి వెళ్ళి చూడవలసినవి చాలా ఉంటాయి. ట్యాంకు మూత సరిగా ఉన్నదా, జాలీ చినిగి పక్షులు దూరుతున్నాయా, మోటారు చప్పుడు మారినదా, కరెంటు పోతే జనరేటరు పనిచేస్తుందా అని చూచుకోవాలి.

పైపుల మీద అక్కడక్కడ ఉండే వాల్వులను ఏడాదికొకసారి అయినా తిప్పి చూడటం మంచి పద్ధతి. ఏళ్ళ తరబడి కదపని వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. పైపు పగిలిన రాత్రి అది తిరగకపోతే ఒక ఇంటి కోసం ఊరంతటికీ నీరు ఆపవలసి వస్తుంది. దారి చివర ఉండే పైపులలో నీరు నిలిచి పాచిపోకుండా, అప్పుడప్పుడు చివరి మూత తెరిచి జోరుగా నీరు వదులుతారు. చూచేవారికి అది వృథాగా తోస్తుంది. నిజానికి అది పైపును కడగటం.

దక్షిణ డకోటాలో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20, 30 డిగ్రీల కింద వరకు దిగుతుంది. నేల పైభాగమంతా గడ్డకడుతుంది. నీరు మంచుగా మారితే దాని పరిమాణం పెరిగి పైపును చీల్చివేస్తుంది. అందుచేత అక్కడ పైపులను సుమారు 2 మీటర్ల లోతున పాతుతారు. తవ్వేవారు తెలియక వాటిని పగులగొట్టకుండా ఒక ఏర్పాటు ఉన్నది. 2007 నుండి దేశమంతటా 811 అనే ఒకే టెలిఫోను నంబరు అమలులో ఉన్నది. నేల తవ్వదలచినవారు ముందుగా ఆ నంబరుకు చెప్పాలి. సంస్థలవారు వచ్చి తమ పైపు ఎక్కడ పోతున్నదో గుర్తులు పెట్టి వెళతారు.

భూమిలో దాగిన చిల్లును ఎట్లా కనిపెడతారు? రాత్రి రెండు, మూడు గంటల వేళ ఊరంతా నిద్రపోతుంది. నీటి వాడకం దాదాపు ఉండదు. ఆ వేళలో కూడా పెద్ద మీటరు జోరుగా తిరుగుతున్నదంటే ఎక్కడో నీరు పోతున్నదన్నమాట. అప్పుడు ఒక్కొక్క వాల్వు మూస్తూ, ఏ భాగం మూసినపుడు మీటరు నెమ్మదిస్తుందో చూస్తారు. ఆ భాగంలోనే చిల్లు ఉంటుంది.

వాడేవారికి జవాబుదారీ

అమెరికాలో సుమారు 50 వేల సంస్థలు జనావాసాలకు నీరు ఇస్తున్నాయి. పదింట తొమ్మిది సంస్థలు పదివేల మంది లోపు జనానికి నీరిచ్చే చిన్నవే. పల్లెల సంస్థలకు అప్పులు, గ్రాంట్లు ఇవ్వటానికి 1965లో ఒక చట్టం వచ్చినది. దానిని తెచ్చిన పోగ్, ఐకెన్ అనే సభ్యుల పేర్లతోనే దానిని పిలుస్తారు. చాలా చోట్ల నీరు వాడుకొనేవారే సంఘంగా ఏర్పడి, తమలో నుండి ఒక పాలకవర్గాన్ని ఎన్నుకొంటారు. మ్నీ విచోనీ పరిధిలోని రైతుల సంఘం ఆ విధమైనదే. దాని కార్యాలయం మర్డో అనే చిన్న ఊరిలో ఉన్నది. లకోటా ప్రాంతాలలో ఆయా తెగల సంస్థలే నీటి వ్యవస్థను నడుపుతాయి. అక్కడి నిర్వహణ ఖర్చును కేంద్ర ప్రభుత్వం భరించాలని చట్టం చెబుతున్నది. తెగలకు సరిపడ మంచి నీరు అందేట్లు చూడటం ప్రభుత్వ బాధ్యత అని ఆ చట్టమే ఒప్పుకొన్నది.

సంఘపు బిల్లులో సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. ఒకటి, నీరు వాడినా వాడకపోయినా నెల నెలా కట్టే స్థిర రుసుము. రెండవది, మీటరు ప్రకారం వాడిన నీటికి కట్టేది. వాడని నీటికి డబ్బు ఎందుకు అని మీరు అడగవచ్చు. ఒక ఇంటి కోసం వేసిన కిలోమీటర్ల పైపు, మోటారు, అప్పు మీది వడ్డీ, పనివారి జీతం, ఇవి నీరు వాడని నెలలో కూడా ఖర్చే కదా!

డబ్బు తీసుకొన్నందుకు సంస్థ లెక్క చెప్పాలి. 1974లో అమెరికాలో సురక్షిత తాగునీటి చట్టం వచ్చినది. కనీసం 15 కుళాయిలకు గాని 25 మందికి గాని నీరిచ్చే ప్రతి సంస్థకూ ఆ చట్టం వర్తిస్తుంది. వెయ్యి మంది లోపు జనం ఉన్న చోట సాధారణంగా నెలకు కనీసం ఒక సీసా నీటిని క్రిముల పరీక్షకు పంపాలి. జనం పెరిగిన కొద్దీ సీసాల సంఖ్య పెరుగుతుంది. 1996లో ఆ చట్టాన్ని సవరించి, నీటిలో ఏమేమి ఎంతెంత ఉన్నదో తెలిపే నివేదికను ఏటా వాడకందారులకు ఇవ్వాలన్నారు. ప్రమాదకరమైన క్రిములు ఉన్నట్లు తేలితే 24 గంటలలోగా అందరికీ తెలియజేయాలి. నీరు తెర్లకాగిన తరువాత ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి తాగమని చెబుతారు.

చిన్న సంస్థలలో ఒకరిద్దరే పనివారు ఉంటారు. మోటారు చెడినా, లెక్క చిక్కుపడినా వారికి తోచకపోవచ్చు. పూర్వం గుర్రమెక్కి ఊరూరా తిరిగే మత బోధకులను అమెరికావారు ‘సర్క్యూట్ రైడర్లు’ అనేవారు. 1976లో ఏర్పడిన జాతీయ గ్రామీణ నీటి సంఘం, నీటి పనిలో ఆరితేరినవారిని అదే పేరుతో ఊరూరా పంపుతున్నది. వారు పనివారి పక్కన నిలబడి పని నేర్పుతారు.

కాపలా సడలితే

అన్ని చోట్లా ఇట్లా చక్కగా జరుగుతున్నదని అనుకోరాదు. కెంటకీ రాష్ట్రపు కొండలలో మార్టిన్ కౌంటీ అనే బొగ్గు గనుల ప్రాంతం ఉన్నది. 2000 అక్టోబరు 11న అక్కడ బొగ్గు కడిగిన బురదను నిలవచేసిన పెద్ద చెరువు అడుగు తెగి, వంద కోట్ల లీటర్లకు పైగా బురద వాగులలో పడినది. నీటి మీద జనానికి నమ్మకం పోయినది. ఆ తరువాత సంవత్సరాలలో పైపులు పాతబడ్డాయి. వాటిని మార్చటానికి కావలసిన డబ్బు సమకూడలేదు. శుద్ధి చేసిన నీటిలో సగానికి పైగా దారిలోనే నేలపాలు కాసాగినది. 2018 జనవరిలో గడ్డకట్టే చలిలో ఎన్నో ఇండ్లకు నీరు ఆగిపోయినది. జనం సభలకు వచ్చి నిలదీశారు. రాష్ట్ర ప్రభుత్వ సంఘం విచారణ చేసినది. 2020లో నిర్వహణను బయటి సంస్థకు అప్పగించారు. ఏడాదికేడాది వాయిదా వేసిన చిన్న మరమ్మతులే చివరకు మోయలేని భారమయ్యాయి.

అంతే కాదు. అంత సంపన్న దేశంలో కూడా ఇప్పటికీ పైపు చేరని ఇండ్లు ఉన్నాయి. నైరుతి భాగాన నవాహో ప్రజలలో ఎందరో నేటికీ నీరు మోసుకొంటున్నారు.

మన సంగతి

మన ప్రకాశం ప్రాంతపు పల్లెలలో ఫ్లోరైడు నీటి వలన ఎముకలు వంగిపోతున్న సంగతిని 1937లోనే వైద్యులు లోకానికి తెలిపారు. నల్లగొండ పల్లెలు అదే బాధను చాలా కాలం అనుభవించాయి. అనంతపురం జిల్లాలో 1990ల నడుమ శ్రీ సత్యసాయి నీటి పథకం వందల పల్లెలకు పైపులు వేసినది. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలైనది. 2019లో దేశమంతటికీ జల్ జీవన్ మిషన్ ప్రకటించారు. కృష్ణ, గోదావరి నీరు దూరపు గుమ్మాలకు వచ్చినది. భగీరథుడు గంగను ఒకసారి దింపాడు. దింపిన గంగను రోజూ నిలుపుకొనే పని మాత్రం ఊరివారందరిది.

మీ ఊరి ట్యాంకును చివరిసారి ఎప్పుడు కడిగారు? వీధిలో కారుతున్న పైపును గూర్చి ఎవరికి చెప్పాలి? పంచాయతీ వారిని అడిగి తెలుసుకోండి. నీటి పన్ను ఏమవుతున్నదో గ్రామసభలో అడిగే హక్కు పెద్దలకు ఉన్నది. కుళాయి కట్టివేసే బాధ్యత చిన్నలకూ ఉన్నది. తెల్లవారుజామున లేచి వాల్వు తిప్పే పంపు ఆపరేటరును మీ ఊరిలో అందరూ ఎరుగుదురు. ఈసారి ఆయన కనిపించినప్పుడు ఆయన పనిని గూర్చి అడగండి. ఆయన చెప్పేది ఈ పాఠం కంటె ఎక్కువే ఉంటుంది.

ఆలోచించి చెప్పండి

1. పైపు ఎప్పుడూ నీటితో నిండి ఉండకపోతే ఏమి ప్రమాదం?
2. రాత్రివేళ మీటరు చూచి చిల్లును ఎట్లా కనిపెడతారు?
3. నీరు వాడని నెలలో కూడా రుసుము కట్టటం న్యాయమేనా? మీ అభిప్రాయం రాయండి.
4. చుక్కలు చుక్కలుగా కారే కుళాయి కింద ఒక గంటసేపు చెంబు పెట్టి నీరు కొలవండి. రోజుకు, ఏడాదికి ఎంత పోతుందో లెక్క కట్టండి.